హోటల్ గ్యాస్ పొయ్యిలకు నమ్మకమైన పైలట్ ఇగ్నైటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో భట్టీలు, దోసె పెనాలు, చాయ్ కౌంటర్ల పొయ్యిలు తయారుచేసేవాళ్లు, వాటిని బాగుచేసే మెకానిక్‌లు, క్యాంటీన్ నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. వేరేగా చెప్పని చోట లెక్కలన్నీ ఎల్‌పీజీకి, లో ప్రెషర్ రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడికి, అంటే చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములకు వేసినవి.

పైలట్ మంట ఎందుకు? మా ఇంటి పొయ్యిలో అలాంటిదేమీ లేదే.

ఇంటి బర్నర్ చిన్నది, కళ్ల ముందే ఉంటుంది. లైటర్ నొక్కితే వెలిగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. హోటల్లో సంగతి వేరు. దోసె పెనం కింద బర్నర్ కనిపించదు. బిర్యానీ డేగ్ కింద మంట ఆరిపోతే, వంటాయన వాసన పట్టేదాకా ఎవరికీ తెలియదు. అలాంటి చోట పక్కనే ఒక చిన్న మంట నిలబడి ఉంటే, కాక్ తిప్పగానే పెద్ద బర్నర్ అంటుకుంటుంది. ఆ చిన్న మంటే పైలట్. దాన్ని వెలిగించే స్పార్క్, అది వెలుగుతోందని సాక్ష్యం చెప్పే థర్మోకపుల్, ఆరితే గ్యాస్ ఆపే సేఫ్టీ వాల్వ్ అన్నీ కలిస్తేనే పైలట్ ఇగ్నైటర్ పూర్తయినట్టు. మార్కెట్లో స్పార్క్ ముక్కను మాత్రమే ఇగ్నైటర్ అని అమ్ముతారు. నమ్మకం కావాలంటే నాలుగింటినీ ఒకే పనిముట్టుగా చూడాలి.

పైలట్ లేకుండా పెద్ద బర్నర్‌కే నేరుగా స్పార్క్ పెడితే ఖర్చు తగ్గుతుంది కదా?

ఖర్చు తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. లెక్క చూడండి. గంటకు కిలో గ్యాస్ కాల్చే బర్నర్ సెకనుకు సుమారు 0.28 గ్రాముల గ్యాస్ వదులుతుంది. ఆవిరి రూపంలో అది 130 మిల్లీలీటర్లు. ఎల్‌పీజీ గాలిలో 2 శాతం కలిసినా అంటుకోగలదు కాబట్టి ఆ 130 మిల్లీలీటర్లు ఆరున్నర లీటర్ల మండే గాలిని తయారుచేస్తాయి, సెకనుకు. స్పార్క్ ఐదు సెకన్లు ఆలస్యమైతే పొయ్యి కింద ముప్పై లీటర్లకు పైగా పేరుకుంటుంది. అది ఒక్కసారిగా అంటుకుంటే కనురెప్పలు, చేతి వెంట్రుకలు కాలడంతో ఆగకపోవచ్చు.

అదే 200 వాట్ల పైలట్ సెకనుకు వదిలేది 2 మిల్లీలీటర్లు. ఐదు సెకన్లు ఆలస్యమైనా అర లీటరు మండే గాలి తయారవుతుంది, చిన్న టప్‌మన్న చప్పుడుతో సరిపోతుంది. వెలిగించేటప్పుడు జరిగే తప్పును చిన్నదిగా ఉంచడమే పైలట్ చేసే అసలు మేలు.

స్పార్క్ ఎంత బలంగా ఉంటే అంత మంచిదా?

కాదు. గ్యాస్, గాలి సరైన పాళ్లలో కలిసిన చోట ఎల్‌పీజీని అంటించడానికి పావు మిల్లీజూల్ శక్తి చాలు. నొక్కితే స్ప్రింగ్ దెబ్బకు స్పార్క్ ఇచ్చే మామూలు పిజో లైటర్ కూడా అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తుంది. అయినా పొయ్యి వెలగడం లేదంటే, చాలాసార్లు తప్పు స్పార్క్ బలంలో కాదు, అది పడుతున్న చోట ఉంటుంది. ఎల్‌పీజీ సుమారు 1.8 నుంచి 9.5 శాతం మధ్యలోనే మండుతుంది. గ్యాస్ చిమ్మే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క, అంటే జెట్, దాని నోటి దగ్గర ఉండేది దాదాపు ఉత్త గ్యాస్. అక్కడ ఎన్ని స్పార్కులు పడినా మంట రాదు. పది మిల్లీమీటర్లు పక్కకు వెళ్తే ఉత్త గాలి. ఈ రెంటి మధ్య ఉండే సన్నటి అంచు మీద స్పార్క్ పడాలి. ఇగ్నైటర్ పెట్టెను పెద్దదానితో మార్చే ముందు స్పార్క్ పడే తీగను, అంటే పిన్‌ను, మూడు మిల్లీమీటర్లు జరిపి చూడండి.

పిజో, బ్యాటరీ, కరెంటు: వీటిలో ఏది తీసుకోవాలి?

పైలట్‌కి బ్యాటరీ పల్స్ ఇగ్నైటర్. ఒక 1.5 వోల్టుల సెల్‌తో సెకనుకు అనేక స్పార్కులు వరుసగా వస్తాయి. గ్యాస్ అంచు అటూ ఇటూ ఊగుతున్నా ఏదో ఒక స్పార్క్ సరైన క్షణంలో పడుతుంది. పిజోలో నొక్కుకు ఒకటే స్పార్క్. అది తప్పితే మళ్లీ నొక్కాలి, ఈలోగా గ్యాస్ పోతూనే ఉంటుంది. దాని స్ప్రింగ్, సుత్తి కూడా హోటల్ వాడకంలో త్వరగా అరుగుతాయి.

230 వోల్టుల మాడ్యూల్‌కి సెల్ మార్చే బాధ లేదు, నిజమే. కానీ రోజూ పైపుతో నీళ్లు కొట్టి కడిగే వంటింట్లో, ఎర్తింగ్ మీద నమ్మకం లేని చోట, పొయ్యి ఇనుప చట్రంలోకి మెయిన్స్ కరెంటు తీసుకురావడం మాకు సమ్మతం కాదు. ఎర్రగా కాలే సిలికాన్ కార్బైడ్ ఇగ్నైటర్లు ఓవెన్లలో బాగుంటాయి. డేగ్‌లు దబ్‌మని దించే భట్టీలో అవి విరిగిపోతాయి.

ఏది పెట్టినా, చేత్తో వెలిగించుకోవడానికి చట్రంలో 20 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పైలట్‌కి ఎదురుగా వదలండి. శుక్రవారం మధ్యాహ్నం రద్దీలో సెల్ అయిపోతే, పొడవాటి లైటర్‌తో పైలట్ వెలిగించి పని కానివ్వవచ్చు. ఆ రంధ్రం లేకపోతే వంటవాళ్లు కాగితం చుట్టి బర్నర్ కిందకే దూరుస్తారు.

స్పార్క్ పిన్ సరిగ్గా ఎక్కడ పెట్టాలి?

ఈ పనంతటిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే.

పిన్ కొనకీ, పైలట్ తలకీ మధ్య ఎడం 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంచండి. 2 మిల్లీమీటర్లకు తగ్గితే ఒక నీటిబొట్టో, మసి పెళ్లో ఆ ఎడాన్ని పూడ్చేస్తుంది, స్పార్క్ చచ్చిపోతుంది. 5 దాటితే వోల్టేజి ఇంకో దగ్గరి దారి వెతుక్కుంటుంది: పింగాణీ పగులు, వైరు తొడుగులో చిల్లు, చట్రం అంచు. బయటికి టిక్ టిక్ వినిపిస్తూనే ఉంటుంది, పిన్ దగ్గర మాత్రం ఏమీ ఉండదు. అందుకే స్పార్క్ ఉందా లేదా అన్నది చెవితో తేల్చకండి. గ్యాస్ కట్టేసి, లైట్లు ఆర్పి, చీకట్లో కంటితో చూడండి.

పిన్‌కీ చట్రానికీ మధ్య మిగతా ఏ చోటైనా దూరం, స్పార్క్ ఎడానికి కనీసం మూడింతలు ఉండాలి, అంటే 12 మిల్లీమీటర్లు. స్పార్క్ గ్యాస్ ధారను అడ్డంగా దాటాలి, పక్కన పడకూడదు. పైలట్ తలలో గ్యాస్ బయటికి వచ్చే గాడికి 3 నుంచి 5 మిల్లీమీటర్లు ముందు, మంట అడుగు అంచున కొన ఉండేలా చూడండి. మంట నడిబొడ్డులో పెడితే కొన రోజంతా ఎర్రగా కాలి, పొరలు పొరలుగా రాలిపోతుంది. ఎడం నెలనెలా పెరుగుతుంది.

పిన్‌కి 2 లేదా 2.5 మిల్లీమీటర్ల కాంథల్ తీగ వాడండి. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన ఆ తీగ వేడికి పొట్టు కట్టి తనను తానే కాపాడుకుంటుంది. సైకిల్ పుల్లతోనో, మామూలు స్టీలు ముక్కతోనో చేసిన పిన్ వారాల్లో సన్నబడిపోతుంది. చుట్టూ ఉండే పింగాణీ అల్యూమినాది, గ్లేజ్ వేసినది కావాలి. గ్లేజ్ లేకపోతే నూనె ఆవిరి లోపలికి ఇంకి, అదే కరెంటు దారి అవుతుంది.

పైలట్, పిన్, థర్మోకపుల్ మూడింటినీ ఒకే బ్రాకెట్ మీద బిగించండి. 1.5 మిల్లీమీటర్ల 304 స్టెయిన్‌లెస్ రేకు సరిపోతుంది. స్క్రూలకు పొడుగు గాళ్లు పెట్టకండి. సర్దుకోవడానికి వీలుగా ఉందని పెట్టిన గాడే, మూడో నెలలో జారి ఎడాన్ని పాడుచేస్తుంది. కొలత ఒకసారి తేలాక గుండ్రటి రంధ్రాలు కొట్టి స్థిరం చేసేయండి. మెకానిక్ విప్పి మళ్లీ బిగించినా అది అక్కడే కూర్చోవాలి.

ఇక పొంగు. పాలు, చాయ్, గంజి, పప్పు నురుగు ఎక్కడ కారతాయో ముందే చూసుకోండి. ఆ ధారకు దూరంగా బ్రాకెట్ ఉండాలి. తప్పనిసరైతే పైన చిన్న రేకు కప్పు వేసి, పింగాణీని కాస్త వాలుగా పెట్టండి. పడింది జారిపోవాలి తప్ప పింగాణీ మొదలు దగ్గర నిలవకూడదు.

హెచ్‌టీ వైరు ఎలాంటిది?

హెచ్‌టీ అంటే హై టెన్షన్, ఇగ్నైటర్ పెట్టె నుంచి పిన్‌కి స్పార్క్ వోల్టేజి మోసే వైరు. సిలికాన్ తొడుగుది, అర మీటరు లోపు ఉండాలి. పొడవు పెరిగితే స్పార్క్ శక్తి వైరులోనే కరుగుతుంది. ఇనుప చట్రానికి ఆనించి క్లిప్పులు కొట్టకండి, పింగాణీ ఆనుల మీద గాలిలో తీసుకెళ్లండి. పీవీసీ వైరు అస్సలు వద్దు.

తిరుగు దారిని కూడా మర్చిపోకండి. పైలట్ తల నుంచి ఇగ్నైటర్ పెట్టె ఎర్త్ కొనకు ప్రత్యేకంగా ఒక వైరు లాగండి. ఎనామిల్ పూత మీదో, రంగు మీదో బ్రాకెట్ బిగించి, చట్రమే ఎర్త్ అనుకుంటే స్పార్క్ ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు.

పైలట్ జెట్ ఎంత సైజు?

0.25 మిల్లీమీటర్లు. 30 గ్రాముల ఒత్తిడి దగ్గర ఆ రంధ్రం నుంచి ఎల్‌పీజీ సెకనుకు 50 మీటర్లకు పైగా వేగంతో వస్తుంది. గంటకు 16 గ్రాములు, సుమారు 200 వాట్లు. మామూలు హోటల్ బర్నర్‌కి ఇది చాలు. రంధ్రం 0.30 అయితే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, గ్యాస్ కూడా అంతే పెరుగుతుంది. కంటికి తేడా తెలియదు, నెలాఖరున సిలిండర్ల లెక్కలో తెలుస్తుంది.

అందుకే జెట్‌ను ఎప్పుడూ సూదితో, వైరు బ్రష్ పోగుతో పొడవకండి. ఇత్తడి మెత్తన, ఒక్క పోటుకే రంధ్రం పెరుగుతుంది, అంచు చెదిరి మంట వంకర అవుతుంది. విప్పి, థిన్నర్‌లో నానబెట్టి, ఆరాక వెనక వైపు నుంచి కంప్రెసర్ గాలి కొట్టండి. ఈ పని మంటలకు దూరంగా, బయట చేయండి. అప్పటికీ పోకపోతే కొత్తది వేయండి. వర్క్‌షాపులో 0.25 రంధ్రం చేత్తో వేసుకోవడానికి ప్రయత్నించవద్దు, సైజు చెక్కిన రెడీమేడ్ జెట్‌లు దొరుకుతాయి.

ఇంత సన్నటి రంధ్రం మూసుకుపోవడానికి కారణాలు మూడు. గ్యాస్‌తో వచ్చే జిడ్డు, పాత రబ్బరు పైపు లోపలి పొట్టు, మరీ ముఖ్యంగా ఫిట్టింగులకు చుట్టిన టెఫ్లాన్ టేపు ముక్కలు. టేపు చుట్టేటప్పుడు ముందు రెండు మరలు ఖాళీగా వదలండి. జెట్‌కి ముందు సన్నటి జాలీ ఫిల్టర్ ఒకటి పెట్టండి. పైలట్ గొట్టం 4 లేదా 6 మిల్లీమీటర్ల రాగిది, కంప్రెషన్ ఫిట్టింగ్‌తో. రబ్బరు పైపుతో పైలట్‌కి గ్యాస్ ఇవ్వకండి, అది బర్నర్ వేడికి దగ్గర్లోనే ఉంటుంది.

మాది హై ప్రెషర్ భట్టీ. అదే లైన్ నుంచి పైలట్ తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. చదరపు సెంటీమీటరుకు అరకిలో ఒత్తిడి ఉన్న లైన్‌లో అదే జెట్ దాదాపు నాలుగింతలు గ్యాస్ వదులుతుంది. మంట జెట్ మీద నిలవక ఎగిరి ఆరిపోతుంది. పెద్ద బర్నర్ తిప్పినప్పుడల్లా ఒత్తిడి ఊగుతుంది, దాంతో పైలట్ కూడా ఊగుతుంది.

పైలట్‌కి వేరేగా ఒక 30 గ్రాముల రెగ్యులేటర్ పెట్టండి. హై ప్రెషర్ రెగ్యులేటర్‌కి ముందే చీల్చి తీసుకుంటే, బర్నర్ ఎంత లాగినా పైలట్ నిలకడగా ఉంటుంది. పండుగలకూ పెళ్లిళ్లకూ గంటల తరబడి భట్టీ నడిచినప్పుడు సిలిండర్ చల్లబడి చెమట పట్టడం చూసే ఉంటారు. లోపల ద్రవం ఆవిరయ్యే వేగం తగ్గి, ఒత్తిడి పడిపోతోందని దాని అర్థం. 19 కిలోల సిలిండర్ ఒక్కటే పెద్ద భట్టీని మోయలేదు. రెండు మూడు కలిపి మానిఫోల్డ్ పెట్టించండి. వేడినీళ్లలో సిలిండర్‌ను నిలబెట్టడం, మంట చూపడం ప్రాణాలతో ఆట.

థర్మోకపుల్ ఎలా పనిచేస్తుంది?

రెండు వేర్వేరు లోహాలను కలిపిన కొసను మంటలో పెడితే కొన్ని మిల్లీవోల్టుల వోల్టేజి పుట్టి, చిన్న కరెంటు పారుతుంది. విడిగా కొలిస్తే మంచి థర్మోకపుల్ 20 నుంచి 30 మిల్లీవోల్టులు చూపిస్తుంది. ఆ చిన్న కరెంటే సేఫ్టీ వాల్వ్‌లోని అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. అది వాల్వ్‌ను తెరవలేదు, తెరిచినదాన్ని పట్టుకోగలదు, అంతే. అందుకే వెలిగించేటప్పుడు నాబ్‌ను 10 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పైలట్ ఆరితే కొస చల్లబడి, అయస్కాంతం వదిలేసి, స్ప్రింగ్ వాల్వ్‌ను మూస్తుంది. బయటి కరెంటు, సెల్ ఏదీ అక్కర్లేదు. ఇందులోని గొప్పతనం అదే: తీగ తెగినా, కొస కాలిపోయినా, నట్ వదులైనా గ్యాస్ ఆగిపోతుందే తప్ప పారదు.

వాల్వ్ కొనేటప్పుడు పైలట్‌కీ, పెద్ద బర్నర్‌కీ రెండిటికీ గ్యాస్ ఆపేది అడగండి. బర్నర్‌ను మాత్రమే ఆపి పైలట్‌ను వదిలేసే రకం ఎల్‌పీజీకి పనికిరాదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కారింది పైకి పోకుండా నేల మీదే పేరుకుంటుంది. సెల్లార్‌లో వంటిల్లు ఉంటే ఈ మాట రెండుసార్లు చదవండి.

పైలట్ వెలుగుతోంది, నాబ్ వదలగానే ఆరిపోతోంది. ఏం చేయాలి?

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఈ వరుసలో చూడండి.

ముందు మంట. థర్మోకపుల్ కొస పైభాగం 10 నుంచి 12 మిల్లీమీటర్లు మంటలో మునగాలి. కొసను మంట నాకుతూ పోతే చాలదు, చుట్టుకోవాలి. కొసకు కింద ఉండే మొదలుకు మంట తగలకూడదు. కొసకూ మొదలుకూ మధ్య వేడి తేడా ఉంటేనే కరెంటు పుడుతుంది. మొత్తం వేడెక్కితే మంట పెద్దగా ఉన్నా వోల్టేజి పడిపోతుంది.

తర్వాత నట్. ఈ సర్క్యూట్ మొత్తం నిరోధం ఓమ్‌లో వందో వంతుల లెక్కలో ఉంటుంది. వాల్వ్ దగ్గర నట్ కింద కొంచెం మసో, జిడ్డో చేరినా కరెంటు సగానికి పడుతుంది. విప్పి, పొడి గుడ్డతో తుడిచి, వేళ్లతో బిగించాక స్పానర్‌తో పావు చుట్టు మాత్రమే తిప్పండి. ఎక్కువ బిగిస్తే లోపలి ఇన్సులేషన్ నలిగి షార్ట్ అవుతుంది. అక్కడ టేపు, గ్రీజు పెట్టకండి.

ఆ తర్వాత మీటర్. థర్మోకపుల్‌ను వాల్వ్ నుంచి విప్పి, లైటర్ మంటలో ఒక నిమిషం ఉంచి మిల్లీవోల్టులు కొలవండి. 15 కంటే తక్కువైతే కొత్తది వేయండి. 20 దాటుతున్నా వాల్వ్ పట్టడం లేదంటే వాల్వ్‌లోని అయస్కాంతం పోయింది, దాన్ని మార్చాలి.

నాబ్‌ను రబ్బరు బ్యాండ్‌తోనో, పుల్లతోనో నొక్కి కట్టేసి పని జరిపించడం కొన్ని వంటిళ్లలో కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. ఆ క్షణం నుంచి పొయ్యికి కాపలా లేదు.

పైలట్‌నూ థర్మోకపుల్‌నూ పెట్టాం, అన్నీ పనిచేస్తున్నాయి. ఇక నమ్మవచ్చా?

ఇంకొక్క పరీక్ష ఉంది. చాలామంది వదిలేసేది ఇదే, పొయ్యి మీద నమ్మకం తేలేది దీనితోనే.

పైలట్ గ్యాస్‌ను సన్నటి వాల్వ్‌తో మెల్లమెల్లగా తగ్గించండి. మంట చిన్నదవుతూ, థర్మోకపుల్ ఇంకా వాల్వ్‌ను పట్టి ఉంచగలిగిన అతి చిన్న సైజు దగ్గర ఆపండి. ఇప్పుడు పెద్ద బర్నర్ తిప్పండి. ఆ చిన్న మంటతో బర్నర్ మెత్తగా, వెంటనే వెలగాలి. వెలగకపోతే మీ డిజైన్‌లో లోపం ఉంది: పైలట్ ఉందని థర్మోకపుల్ సాక్ష్యం చెబుతోంది, కానీ ఆ పైలట్ బర్నర్‌ను అందుకోలేదు. జెట్ సగం మూసుకుపోయిన రోజున సరిగ్గా ఇదే పరిస్థితి వస్తుంది.

మందు తేలిక. థర్మోకపుల్ కొసను పైలట్ నుంచి కొంచెం దూరం జరపండి, బర్నర్ రంధ్రాలకు దగ్గరగా. బర్నర్‌ను వెలిగించగలిగిన మంట మాత్రమే థర్మోకపుల్‌ను వేడి చేయగలగాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో ఇది కుదురుతుంది. ఆ చోటు దొరికాకే బ్రాకెట్ రంధ్రాలు స్థిరం చేయండి.

ఇంకా ఏ పరీక్షలు చేయాలి?

చల్లటి పొయ్యి మీద వందసార్లు, అరగంట మండిన వేడి పొయ్యి మీద వందసార్లు వెలిగించండి. వేడి పొయ్యి మీద బ్రాకెట్ వ్యాకోచించి ఎడం మారుతుంది, చల్లగా ఉన్నప్పుడు కనపడని తప్పు అప్పుడు బయటపడుతుంది. ప్రతిసారీ మూడు నాలుగు స్పార్కుల్లోపు పైలట్ వెలగాలి. వందలో రెండు తప్పినా సర్దుబాటు సరిగ్గా లేదనే లెక్క.

ఒత్తిడిని పావు వంతు తగ్గించి, పావు వంతు పెంచి మళ్లీ చూడండి. సెల్‌ను వాడి వాడి 1.1 వోల్టులకు దిగినదాన్ని పెట్టి చూడండి, ఎందుకంటే కొత్త సెల్‌తో ఏ ఇగ్నైటరైనా బాగానే ఉంటుంది. మీటరు దూరంలో టేబుల్ ఫ్యాన్ పెట్టి నలువైపుల నుంచీ గాలి వదలండి. అర లీటరు పాలు పొంగించి బర్నర్ మీదుగా కారనివ్వండి, తుడవకుండా చల్లారనిచ్చి వెలిగించండి.

పైలట్‌ను ఊది ఆర్పి, గడియారం పట్టుకుని వాల్వ్ టక్‌మని మూసుకునేదాకా లెక్కపెట్టండి. నిమిషం లోపు మూయాలి. అర నిమిషం అయితే ఇంకా మంచిది. ఆఖరున ప్రతి కీలుకూ సబ్బు నురుగు రాసి బుడగల కోసం చూడండి.

మంట రంగు, ఆకారం చూసి తప్పు చెప్పవచ్చా?

చాలావరకు. మంట పసుపుగా, మెత్తగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. పైలట్ పక్కన ఉండే చిన్న గాలి రంధ్రంలో పిండి, దుమ్ము, సాలెగూడు చేరి ఉంటుంది. దోసె మాస్టర్ పక్కనుండే పొయ్యికి ఇది మామూలే. మెత్తటి బ్రష్‌తో తుడవండి. పసుపు మంట థర్మోకపుల్‌కి, పిన్‌కి మసి పట్టిస్తుంది, ఆ మసే రేపు స్పార్క్‌ను తినేస్తుంది.

మంట నీలంగా ఉన్నా తల నుంచి విడిపోయి బుస్సుమంటే ఒత్తిడి ఎక్కువ. చిన్నగా, నీలంగా, నీరసంగా ఉంటే జెట్ మూసుకుపోతోంది. ఒక పక్కకే వాలితే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది.

వానాకాలంలోనూ, పొయ్యి కడిగిన తర్వాతా స్పార్క్ రావడం లేదు.

పింగాణీ మీద తడి. స్పార్క్ ఎడం దాటకుండా ఆ తడి మీదుగా చట్రంలోకి జారిపోతోంది. ఆరబెడితే సరిపోవాలి. ఆరినా మళ్లీ మళ్లీ వస్తుంటే బోరు నీళ్ల సంగతి చూడండి. నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. కడిగాక నీళ్లు ఆవిరైనా ఉప్పు పొర పింగాణీ మీద మిగిలిపోతుంది. గాలిలో తేమ పెరిగితే ఆ ఉప్పు మళ్లీ తడిసి కరెంటుకు దారిస్తుంది. ఫిల్టర్ నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. పొయ్యి కడిగేటప్పుడు బ్రాకెట్ మీద ఒక స్టీలు గిన్నె బోర్లిస్తే ఈ గొడవే ఉండదు.

హైదరాబాద్ ఎత్తు వల్ల ఏమైనా మార్చాలా?

అక్కర్లేదు. 540 మీటర్ల ఎత్తులో గాలి పలచదనం 6 శాతం దాకా. గాలి రంధ్రం సర్దుబాటులో అది కలిసిపోతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పైలట్ ఆరిపోతోంది.

పైలట్ చుట్టూ మూడు వైపులా రేకు తడిక పెట్టండి, బర్నర్ వైపు తెరిచి ఉంచండి. అడుగున గాలి రావడానికి దారి వదలాలి, లేకపోతే మంట ఉక్కిరిబిక్కిరై పసుపు తిరుగుతుంది. ఫ్యాన్ బయటికి లాగినంత గాలి లోపలికి రావడానికి తలుపు, కిటికీ లేకపోతే వంటింట్లో గాలి పొయ్యిల సందుల్లోంచే దూసుకొస్తుంది. అప్పుడు రేకు కంటే ముందు కిటికీ కావాలి.

బర్నర్ భప్‌మని ఆలస్యంగా అంటుకుంటోంది.

పైలట్ మంట బర్నర్ రంధ్రాలను తాకడం లేదు, లేదా దానికి దగ్గరున్న రంధ్రాలు గంజి, నూనెతో మూసుకుపోయాయి. గ్యాస్ దూరపు రంధ్రాల్లోంచి వచ్చి, పేరుకుని, చుట్టూ తిరిగి పైలట్‌ను చేరాక అంటుకుంటోంది. పైలట్ ఎదురుగా ఉన్న ఐదారు రంధ్రాలను వారానికోసారి శుభ్రం చేయండి. భప్‌మన్న చప్పుడుకు అలవాటు పడకండి.

రోజంతా పైలట్ మండితే గ్యాస్ ఎంత ఖర్చు?

200 వాట్ల పైలట్ 24 గంటలు మండితే 375 గ్రాములు. నెలకు 11 కిలోల పైచిలుకు. నాలుగు బర్నర్లకు నాలుగు పైలట్లు రాత్రింబవళ్లు వెలిగితే 19 కిలోల సిలిండర్లు రెండుకు పైగా వాటికే పోతాయి.

తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా డికాక్షన్ మరుగుతూ ఉండే ఇరానీ చాయ్ పొయ్యికి పైలట్ మీద ఆదా చేసేది తక్కువ, ఎందుకంటే బర్నరే ఆగదు. రోజుకు రెండు మూడుసార్లు వాడే పొయ్యికి మాత్రం, పని అయ్యాక పైలట్ కూడా ఆర్పేసి, కావాల్సినప్పుడు స్పార్క్‌తో వెలిగించుకోండి. స్పార్క్ నమ్మకంగా పనిచేస్తేనే వంటవాళ్లు పైలట్ ఆర్పడానికి ఒప్పుకుంటారు. మళ్లీ వెలగదేమోనన్న భయంతోనే రాత్రంతా వదిలేస్తుంటారు.

పైపు గ్యాస్ వచ్చింది. ఇదే పైలట్ పనికొస్తుందా?

బ్రాకెట్, పిన్, థర్మోకపుల్ అవే. జెట్ మారుతుంది. పీఎన్‌జీ, అంటే పైపు గ్యాస్, పరికరాల దగ్గరకు వచ్చే మామూలు ఒత్తిడి 21 మిల్లీబార్లు. ఘనపరిమాణంలో దాని వేడి ఎల్‌పీజీ కంటే చాలా తక్కువ కాబట్టి అదే 200 వాట్లకు జెట్ 0.35 మిల్లీమీటర్లు కావాలి. గాలి రంధ్రం, పిన్ కొన కొత్తగా సర్దాలి, పైన చెప్పిన పరీక్షలన్నీ మళ్లీ చేయాలి. నగరంలో పైపు గ్యాస్ ఇచ్చే భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ వారి అనుమతి ఉన్నవాళ్లతోనే లైన్ పని చేయించండి. తర్వాత ఎప్పుడైనా తిరిగి సిలిండర్ తగిలిస్తే జెట్ మార్చడం మరవకండి. 0.35 జెట్‌లో ఎల్‌పీజీ వదిలితే మంట రెట్టింపై మసి కక్కుతుంది.

ఇంటి పొయ్యికి ఇది అమర్చుకోవచ్చా?

వద్దు. ఇంటి ఎల్‌పీజీ స్టవ్‌లు ఐఎస్ 4246 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి ముద్ర వేసినవి. కోత, రంధ్రం, అదనపు గొట్టం ఏది చేసినా ఆ పరీక్ష చెల్లదు. మంట ఆరితే గ్యాస్ ఆపే పరికరం తయారీలోనే అమర్చిన స్టవ్ కొనుక్కోండి.

సామాన్లు ఎక్కడ చూడాలి?

వాల్వ్‌లు, రాగి గొట్టం, ఫిట్టింగులకు రాణిగంజ్. హెచ్‌టీ వైరు, సెల్ పెట్టెలాంటి ఎలక్ట్రికల్ సామానుకు ట్రూప్ బజార్, కోఠి గుజరాతీ గల్లీ. బ్రాకెట్ రేకు కోత, వంపు పనికి బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపులు. థర్మోకపుల్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. నట్ మరలు 8, 9 మిల్లీమీటర్లలో రకరకాలుగా ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సెల్ ఆల్కలైన్‌ది వేయండి, చవకవి కారి పెట్టెను తినేస్తాయి. పెట్టెను చెయ్యి ఆనించగలిగినంత చల్లగా ఉండే చోట బిగించండి.

వంటవాళ్లకు ఏం చెప్పాలి?

వెలిగించే వరుసను బొమ్మలతో, తెలుగులోనూ హిందీలోనూ రేకు మీద రాసి పొయ్యికి బిగించండి. ముందు వంగి వాసన చూడాలి, నేల దగ్గర. వాసన లేకపోతే నాబ్ నొక్కి స్పార్క్ ఇవ్వాలి. పైలట్ వెలిగాక 20 సెకన్లు పట్టుకుని వదలాలి. పైలట్ నిలబడిందని కంటితో చూశాకే బర్నర్ కాక్ తిప్పాలి. పది సెకన్లలో పైలట్ వెలగకపోతే నాబ్ వదిలేసి, తలుపులు తెరిచి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. వాసన ఉంటే లైటు స్విచ్, ఎగ్జాస్ట్ స్విచ్ ఏదీ తాకకుండా సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, అందరినీ బయటికి పంపి, బయటి నుంచి గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయాలి.